కట్టిన చేతులే విప్పాలి

కొత్త కారు కొన్నానని వీడియోలో చూపిస్తూ మన స్నేహ మొన్న ఒక మాట అడిగింది. "అమ్మమ్మా, అందరూ రంగు బాగుంది, సీట్లు బాగున్నాయి అంటుంటే నువ్వొక్కదానివే బానెట్ తెరిచి చూపించమంటావెందుకు?" అని. చేతి అలవాటు తల్లీ అని నవ్వి ఊరుకున్నాను. పూణెలో ఉన్న పిల్లకు ఫోన్లో అంతకంటే ఏం చెబుతాం? కానీ ఆ అలవాటు ఒక బండి దగ్గర మొదలైంది. అది మీ అందరికీ ఒకసారి చెప్పి పెట్టాలనిపించింది. మీరందరూ బండ్లు నడిపే వయసుకు వచ్చారు కదా.

అది 2022, తొలకరి వానలు పడుతున్న నెల. సూర్యాపేటలో పాత విజయవాడ రోడ్డు మీద మన షెడ్డు. మీ తాత మొదట మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర లారీ ఇంజన్లు విప్పిన మనిషి. ఆయన బండి కింద పడుకుంటే స్పానర్లు అందిస్తూ పని నేర్చుకున్నాను నేను. ఆయన చూపు మందగించాక షెడ్డు నా మీద పడింది. యాదగిరి తోడున్నాడు. మీసాలు నెరిసేదాకా మన దగ్గరే పనిచేసిన మెకానిక్. బరువు పనులు అతనివి, వెతికే పనులు నావి.

నూనె కారే ఇంజన్లంటే నాకు ఓపిక ఎక్కువ. నూనె కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. పైన ఎక్కడో పుట్టి, గాలికి పక్కకు పాకి, కింద ఇంకెక్కడో చుక్కగా వేలాడుతుంది. చుక్క వేలాడిన చోట పట్టుకున్నవాడు అనవసరంగా ఇంజన్ అంతా విప్పుతాడు. అందుకే వేరే షెడ్లలో తెగని లీకులు మా దగ్గరికి వచ్చేవి.

ఆ రోజు వచ్చింది ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు. నేలకు ఎంత దగ్గరగా ఉందంటే మా షెడ్డు గడప దగ్గరే దాని కడుపు రాసుకుంది. యాదగిరి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇది బండా, కాలి చెప్పా? దీని కింద దూరాలంటే ముందుగాల నన్ను ఇస్త్రీ చెయ్యాలె."

"ర్యాంపు మీదికి ఎక్కించన్నా. నువ్వు ముడతలు ముడతలుగనే ఉండు," అంటూ లోపలి నుంచి ఒక కుర్రవాడు దిగాడు.

పేరు కిరణ్. మిర్యాలగూడలో వాళ్ళకు రైసు మిల్లు ఉంది. ఎవరో వాడిన బండిని హైదరాబాదులో మోజుపడి కొన్నాడట. మనిషి నవ్వుతూ మాట్లాడతాడు. మాట్లాడుతున్నంతసేపూ అరచేత్తో ఆ కారు మీద దుమ్ము తుడుస్తూనే ఉంటాడు.

"పెద్దమ్మా, దీని నూనె ఎవలు ఆపుతలేరు. హైదరాబాదుల పైన మూత గాస్కెట్ మార్చిన్రు. కోదాడల కింద సంపుది మార్చిన్రు. ఇంకొకాయన గేర్‌బాక్సు దింపి ఎనక సీల్ గూడ ఏసిండు. మళ్ళ గదే కథ."

గాస్కెట్ అంటే రెండు ఇనుప ముక్కల మధ్య నూనె బయటికి రాకుండా పెట్టే పల్చటి పొర. సంపు అంటే ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి. ఇవన్నీ కొత్తవి వేశాక కూడా కారుతోందంటే, పాడైన వస్తువు కోసం కాదు, ఇంకేదో కోసం వెతకాలి.

"ఎప్పటి సంది కారుతంది బిడ్డా?"

"పోయిన దసరా దాటినంక. అంతకు ముందు సుక్క లేదు."

ఆ మాట విన్నాను. కానీ దసరాకూ ఇంజన్ నూనెకూ సంబంధం ఏముంటుందని అప్పుడు అనిపించలేదు.

బానెట్ ఎత్తించి చూశాను. ఇంజన్ వెనక వైపు, పొగ పోయే ఎగ్జాస్ట్ గొట్టం పక్కన, నూనె మాడి బొగ్గు పెచ్చులా అంటుకుని ఉంది. నూనె కారితే నేల పాడవుతుంది అంతే అనుకుంటారు చాలామంది. నేల మీద పడే నూనెతో భయం లేదు. ఇలాంటి బండిలో గట్టిగా తోలితే ఆ గొట్టం నిప్పులా కాలుతుంది. దాని మీద పడితే ముందు వాసన, తర్వాత పొగ, ఆ తర్వాత మంట.

"లోపల వాసనొస్తందా?" అని అడిగాను.

"వస్తది. అమ్మయితే ఎక్కుతనే లేదు. నేను బయటికి పోతే మళ్ళ వచ్చేదాక గేటు కాడనే నిలబడతది." "మా అన్న పోయినేడు హైవే మీద బైకు యాక్సిడెంట్ల పోయిండు పెద్దమ్మా. ఇప్పుడు నేనొక్కన్నే," అన్నాడు.

యాదగిరి స్టూలు తెచ్చి అతనికి వేశాడు.

"ఈ నూనె ఆగేదాక నువ్వు గట్టిగ తోలొద్దు," అన్నాను. "ఆటలు గాదు. బండి అంటుకుంటది."

ఇంజన్ అంతా కడిగించి, ఆరబెట్టి, స్టార్ట్ చేసి వదిలేశాం. అది గురగురమంటూ గంటల తరబడి నడిచింది. ఒక్క చుక్క రాలేదు. ఉన్నచోట తిరుగుతున్నప్పుడు మాత్రం శబ్దంలో చిన్న తడబాటు, నిద్రలో మనిషి ఊపిరి ఒకసారి తప్పినట్టు. అది గుర్తుపెట్టుకున్నాను. యాదగిరి ఊళ్ళో ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. అప్పుడూ పొడిగానే ఉంది.

"మనల్ని సూసి సిగ్గుపడుతున్నట్టున్నది," అన్నాడు యాదగిరి.

కోదాడ మెకానిక్కు ఫోన్ చేశాను. ఆయనది అవతలి జిల్లా యాస. "మేడంగారూ, సంపు నేనే వేశానండీ. మా దగ్గర ఉన్నంతసేపూ చుక్క లేదు, ఒట్టు. కుర్రాడు తీసుకెళ్ళిన మర్నాడే మళ్ళీ కారిందంటాడు. బండిలో ఏ దయ్యం ఉందో ఏంటో!" అన్నాడు.

ఆయన మాటలోనే దారి దొరికింది. షెడ్డులో కారదు, అతను తోలితే కారుతుంది. అంటే గట్టిగా తొక్కినప్పుడే ఎక్కడో బయటికి నెట్టుకొస్తోంది. నూనెలో రంగు కలిపి నీలం లైటు వేసి చూశాం, దానివల్ల కారినచోట మెరుస్తుంది. కానీ గాలి విసురుకు నూనె తుంపరలై, పులుసు పొంగిన పొయ్యిలాగా ఇంజన్ వెనకంతా మెరిసింది. ఎక్కడ మొదలైందో ఆనలేదు.

చివరికి మీ తాత పద్ధతే పట్టుకున్నాను. మళ్ళీ కడిగించి, పొడిగా తుడిచి, ముఖానికి పూసుకునే పౌడర్ తెచ్చి ఇంజన్ వెనకంతా చల్లాను. తెల్లటి పౌడర్ మీద నూనె నడిస్తే దాని అడుగులు కనిపిస్తాయి.

"ఇంజన్‌ను పెండ్లికూతురును జేసినవ్ గద అక్కా," అన్నాడు యాదగిరి.

కిరణ్‌ను పిలిపించి, నువ్వే తోలు, నేను పక్కన కూర్చుంటానన్నాను. ఆ సీటులో కూర్చోవడమంటే గుంతలోకి దిగినట్టే. కోదాడ వైపు హైవే ఎక్కాక ఒక్కచోట, దారి ఖాళీగా ఉన్నప్పుడు, "ఇప్పుడొక్కసారి తొక్కు, ఇగ మళ్ళ వద్దు," అన్నాను. వీపు సీటుకు అతుక్కుపోయింది. పక్కన పొలాలు పచ్చటి గీతలైపోయాయి. అతని ముఖం చూశాను. భయం లేదు, గర్వం కూడా లేదు. ఎన్నో నెలల తర్వాత తలమీది మూట దించుకున్నవాడిలా ఉన్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తు.

తిరిగి వచ్చి బానెట్ ఎత్తాం. తెల్లటి పౌడర్ మీద సన్నటి నల్లని దారి. కిందినుంచి పైకి వేలితో దాన్నే పట్టుకుంటూ వెళ్ళాను. గేర్‌బాక్సు అతుకు, ఇంజన్ వీపు, ఒక సన్నటి గొట్టం. ఆ గొట్టం మూతి దగ్గర ఆ దారి ఆగింది. అది డిప్‌స్టిక్ గొట్టం. డిప్‌స్టిక్ అంటే ఇంజన్‌లో నూనె ఎంత ఉందో కొలిచే ఇనుప పుల్ల. పైన పట్టుకోవడానికి పసుపుపచ్చ ప్లాస్టిక్ రింగు ఉంటుంది.

బయటికి లాగాను. ఆ పుల్లను నేనే అంతకు ముందు ఎన్నిసార్లు లాగానో. యాదగిరీ లాగాడు, కోదాడ ఆయనా లాగాడు, హైదరాబాదు వాళ్ళూ లాగి ఉంటారు. నూనె చూడకుండా ఎవరు పని మొదలుపెడతారు? లాగిన ప్రతివాళ్ళూ చూసిందే నేనూ చూశాను. పసుపు రింగు కింద చుట్లు చుట్లుగా కట్టిన దారం. పసుపు, కుంకుమ, నూనె కలిసి నల్లబడిపోయింది. పూజ దారం కదా అని అందరం అలాగే భక్తిగా లోపలికి దించాం. యాదగిరయితే దించిన ప్రతిసారీ వేళ్ళు కళ్ళకద్దుకునేవాడు.

రింగు కింద ఒక రబ్బరు బిరడా ఉంటుంది. అది గొట్టం మూతిలో గట్టిగా దిగాలి. కుక్కర్ మూత మధ్యలో మెతుకు ఇరుక్కుంటే ఏమవుతుంది? మెల్లటి మంట మీద తెలియదు. మంట పెంచితే పక్కనుంచి చిమ్ముతుంది. అదీ అంతే. దారం అడ్డుపడి బిరడా వెంట్రుకవాసి పైనే నిలిచింది. నిదానంగా నడిపితే నూనె రాదు, ఆ సందులోంచి గాలి మాత్రం లోపలికి దూరుతుంది, నేను విన్న తడబాటు అదే. గట్టిగా తొక్కితే ఇంజన్ కడుపులో గాలి ఒత్తిడి పెరిగి నూనెను ఆ సందులోంచి పైకి నెడుతోంది. అది గొట్టం వెంట జారి తిన్నగా ఎగ్జాస్ట్ మీదికి.

అతనికి చూపించి ఇదంతా చెప్పాను. కిరణ్ పుల్లను నా చేతిలోంచి తీసుకుని ఆ దారం చూశాడు.

"అమ్మ కట్టింది," అన్నాడు. "దసరాకు బండ్ల పూజ జేసినప్పుడు స్టీరింగ్‌కు కడతనన్నది. నిమ్మకాయలు, దారాలు కడితే లుక్ పాడైతది, వద్దన్న. అన్న పోయిన ఏడే గద, ఊకోలేదు. బానెట్ తెరిపిచ్చి ఎవలకు కనవడకుండ గీడ కట్టింది. పసుపు రింగున్నది గదా, ఇది దేవుడు పెట్టిన జాగ అన్నది."

"మంచిది బిడ్డా. ఇప్పుడు విప్పుదాం. జేబుల పెట్టుకొని పో, పూజ గదిల పెట్టమను."

నేను చెయ్యి చాచాను. అతను పుల్లను వెనక్కి తీసుకున్నాడు.

"కత్తెర పెట్టొద్దు పెద్దమ్మా. కట్టినోళ్ళే విప్పాలె. వేరేటోళ్ళు విప్పితే అరిష్టమంటది అమ్మ."

"నీకు నమ్మకమేనా?" అన్నాడు యాదగిరి.

"నాకు గాదన్నా. అమ్మకు. తను లేకుంట ఎవలో విప్పిన్రని తెలిస్తే, ఇగ నేను గేటు దాటితే ఆమెకు పానం పోయినట్టే."

"అయితే ఇప్పుడే ఫోన్ జెయ్యి, నేను మాట్లాడ్త," అన్నాను.

"ఫోన్ల చెప్తే ఏడుస్తది. నా దారమే బండికి ఎసరు తెచ్చిందా అంటది. ఇంటికి పోయి పక్కన కూసొని చెప్త."

"గట్ల చెప్పకు. నూనె అంటి మైల పడుతంది, దేవుని కాడ పెడదాం, విప్పమ్మా అను. లీకు ముచ్చటే తియ్యకు. గంతే సాలు. అప్పటిదాక సైకిల్ మీద పోయినట్టు పో."

"మా మంచి పెద్దమ్మ," అని నవ్వాడు. పుల్లను జాగ్రత్తగా దించాడు. వెళ్ళేటప్పుడు నిజంగానే సైకిలు మీద పోయినట్టు పోయాడు. ఒక ఆటో దాన్ని దాటుకుపోతుంటే యాదగిరి పడీపడీ నవ్వాడు.

ఆ వారం దాటకముందే, మిర్యాలగూడ దారిలో కాలువ పక్కన ఎర్ర కారు తగలబడిందని యాదగిరే వచ్చి చెప్పాడు. పొద్దున పూట, అందరూ తిరిగే వేళ. వడ్ల లోడుతో వెనకొస్తున్న లారీ డ్రైవరు మాకు తెలిసినవాడే. అతను చూసింది నాకు చెప్పాడు.

"బానెట్ కెల్లి పొగ వచ్చింది అక్కా. పోరడు మంచిగనే దిగిండు. దూరం పోయి నిలవడ్డడు. బతికిండు అనుకున్న. మళ్ళ ఏం యాదికొచ్చిందో, ఉరికొచ్చి బానెట్ ఎత్తిండు. ఒక్కసారే మొఖం మీదికి లేసింది."

పొగ వస్తున్న బానెట్ ఎత్తకూడదు. లోపల ఊపిరాడక కుములుతున్న నిప్పుకు గాలి దొరుకుతుంది. ఆ మాట అతనికి నేను చెప్పలేదు. అప్పటిదాకా ఎవరికైనా చెప్పాల్సిన అవసరమే రాలేదు. కిరణ్‌ను హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్ళారు. మళ్ళీ మాట్లాడలేదు. కొన్నాళ్ళకు పోయాడు.

దినకర్మలన్నీ అయ్యాక వాళ్ళమ్మ మన షెడ్డుకు వచ్చింది. పేరు సుగుణ. ఆమె తమ్ముడు కారులోనే కూర్చున్నాడు, తను ఒక్కతే లోపలికి నడిచి వచ్చింది. నాకంటే చాలా చిన్నది, కానీ నడక నాకంటే ముసలిదైపోయింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అక్కా, వాడు ఆఖరుకు బండి సూపిచ్చింది నీకేనంట. బండి స్టేషన్ ఎనక పడేసిన్రు. నువ్వు జర వచ్చి సూస్తవా? దానికేమైందో నాకు చెప్పు."

వెళ్ళకుండా ఎట్లా ఉంటాను? స్టేషన్ వెనక గడ్డిలో, కేసుల్లో పట్టుకున్న బైకుల పక్కన ఆ కారు ఉంది. రంగు లేదు. అద్దాలు లేవు. బానెట్ లేచినది లేచినట్టే ఉండిపోయింది.

ఇంజన్ మీదికి వంగాను. ప్లాస్టిక్ రింగు కరిగి పోయింది. ఇనుప పుల్ల మాత్రం గొట్టంలో ఉంది. పట్టకారుతో లాగాను. మాడి నల్లబడిన ఉత్త ఇనుము. ఇనుము నిలుస్తుంది, నూలు నిలవదు. ఆ రోజు పొద్దున దాని మీద దారం ఉందో లేదో ఆ పుల్ల చెప్పలేదు. విప్పేసి ఉంటే మంట వేరే దేనివల్లో వచ్చి ఉండవచ్చు. అంతకు ముందు కారిన నూనె, మేం కడిగినా ఏ మూలో మిగిలింది, అంటుకుని ఉండవచ్చు. విప్పకపోతే నాకు తెలిసిందే.

"ఏమైందక్కా?"

ఒక తల్లికి అబద్ధం చెప్పలేను. అవసరం లేని నిజమూ చెప్పలేను. "నూనె కారి వేడి గొట్టం మీద వడ్డది చెల్లె. పొగొచ్చింది. వాడు బండిని కాపాడుకుందామని బానెట్ ఎత్తిండు. ఎవలైనా గట్లనే చేస్తరు."

"నూనె ఏడికెల్లి కారింది?"

"ఈ కొలత పుల్ల కాడికెల్లి కావచ్చు. దాని బిరడా సరిగ్గ కూసోక."

ఆమె చెయ్యి చాచింది. పుల్లను ఆమె చేతిలో పెట్టాను. పై కొసన, రింగు ఉండవలసిన చోట, దాని కింద దారం చుట్లు ఉండవలసిన చోట, బొటనవేలితో మెల్లగా రాసింది. ఒకసారి, ఇంకోసారి. మసి వేలికి అంటింది. బిరడా ఎందుకు కూర్చోలేదు అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

నేనే అడిగాను. "చెల్లె, నా కాడికెల్లి ఇంటికొచ్చినంక వాడు నీతోని ఏమన్న మాట్లాడిండా?"

ఆమె పుల్లను కొంగులో చుట్టుకుంది. "నేను దీన్ని తీస్కపోవచ్చునా అక్కా?" అంది. అంతే. తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకుని కారు ఎక్కించాడు.

ఆ బండి నాకు నేర్పింది ఇది. షెడ్డుకు వచ్చిన ఏ బండికైనా నూనె కంటే ముందు ఆ రింగు కింద వేలు పెట్టి చూస్తాను. దారం గాని, గుడ్డపీలిక గాని ఉంటే బండి గేటు దాటదు. కట్టినవాళ్ళకు మా షెడ్డులో నుంచే ఫోన్ చేయిస్తాను. ఏడిస్తే ఏడవనీ, వచ్చి విప్పనీ. ఒకసారి ఆత్మకూరు నుంచి ఒక ముసలామె నన్ను తిట్టుకుంటూ బస్సెక్కి వచ్చి మరీ విప్పింది. ఛాయ్ తాగించి పంపాను. పొగ వచ్చిన బండి బానెట్ ఎత్తవద్దని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతాను. మీకూ చెబుతున్నాను. బండి పోతే పోనివ్వండి, దూరం నిలబడండి.

స్నేహా, నీ కారు రింగు కింద ఏమీ లేదు, చూశాను. హాయిగా నడుపుకో.

మిర్యాలగూడ వైపు వెళితే ఇప్పటికీ ఆ కాలువ దగ్గర బస్సు కిటికీలోంచి అటే చూస్తాను. కిరణ్ ఇంటికి వెళ్ళాక తల్లి పక్కన కూర్చుని ఆ మాట చెప్పాడా? చెప్పి ఉంటే, ఆమె విప్పిందా, విప్పనందా? లేక ఆమెను ఏడిపించడం ఇష్టంలేక, రేపు చెబుదాంలే అనుకుని ఊరుకున్నాడా?